నాన్న షుగర్ వేరు, పిల్లి షుగర్ వేరు

మా ఫ్రిజ్‌లో ఇప్పుడు రెండు ఇన్సులిన్ డబ్బాలున్నాయి. ఒకదాని మీద మార్కర్‌తో ‘నాన్న’ అని, రెండోదాని మీద ‘పండు’ అని రాసిపెట్టాను. నాన్నకి 74 ఏళ్ళు, పండుకి 11. పండు మా గండుపిల్లి.

పోయిన చలికాలంలో వాడు నీళ్ళగిన్నె దగ్గరే కాపురం పెట్టాడు. లిట్టర్ బాక్సులో నిమ్మకాయంత ఉండే ముద్దలు బత్తాయంత అయ్యాయి. పొద్దస్తమానం తిండి కోసం అరుపులే. అయినా ఒళ్ళు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. ఒకరోజు మేడ మీద వాడు ఉచ్చ పోసిన చోట చీమలు బారు కట్టాయి. అమ్మ చూసి, “వీడికీ వచ్చినట్టుందిరా” అంది. వెటర్నరీ డాక్టరుగారు రక్తం తీసి, మూత్రం పరీక్షించి, రెండు రోజుల తర్వాత చెప్పిన మాటా అదే. మధుమేహం అనే పేరులోనే తేనె ఉంది కదా, ల్యాబులు లేని కాలంలో చీమలే ల్యాబు.

తెలుగు ఇళ్ళలో షుగర్ కొత్త చుట్టమేమీ కాదు. ఫాస్టింగ్ అంటే ఏమిటో, సూది ఎక్కడ గుచ్చాలో, మీటర్‌లో స్ట్రిప్ ఎటువైపు పెట్టాలో ఇంటికొకరికైనా తెలుసు. అందుకే పిల్లికి షుగర్ అనగానే మనం పెద్దగా బెదరం. చిక్కు అక్కడే మొదలవుతుంది. నాన్న దగ్గర నేర్చుకున్నదాంట్లో సగం పిల్లికి అక్కరకొస్తుంది, మిగతా సగం పిల్లిని ఆస్పత్రిపాలు చేస్తుంది. ఏ సగం ఏదో తేల్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆఖరి మందు ఇక్కడ మొదటి మందు

పిల్లికి వచ్చేది చాలావరకు మన టైప్ 2 లాంటిదే. ఒంట్లో కొవ్వు పెరిగి ఇన్సులిన్ మాట కణాలు వినడం మానేస్తాయి. దాంతో క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేయబోయి అలిసిపోతుంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల చుట్టూ అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం మనుషుల్లోనూ ఉంది, పిల్లుల్లోనూ ఉంది. కుక్కల్లో మాత్రం కథ వేరు. వాటిలో ఆ కణాలే నశించిపోతాయి కాబట్టి జీవితాంతం ఇన్సులిన్ తప్పదు.

ఎక్కువగా ఈ జబ్బు పడేవి నడివయసు దాటిన, ఒళ్ళు చేసిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లులు. ఫ్లాట్‌లోనే సోఫా మీద ఎదిగిన మా పండు ఈ లెక్కలో ఏ ఒక్కటీ వదల్లేదు. బ్రిటన్ లెక్కల ప్రకారం అక్కడ సుమారు 200 పిల్లుల్లో ఒకదానికి షుగర్ ఉంది. బర్మీస్ జాతి పిల్లుల్లో ఇంకా ఎక్కువ. దురదకో, ఆస్తమాకో ఇచ్చే స్టెరాయిడ్లు కూడా షుగర్‌ని బయటికి లాగుతాయి. గత ఏడాదిలో మీ పిల్లికి ‘ఒక్కసారి వేస్తే నెల్లాళ్ళు పనిచేసే ఇంజెక్షన్’ ఏదైనా పడి ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మనం మరిచిపోయేది సరిగ్గా దాన్నే.

ఇక నాన్నకీ పండుకీ తేడా ఎక్కడంటే, నాన్న 12 ఏళ్ళు మాత్రల మీద నడిచి, చివరికి ఇన్సులిన్‌కి వచ్చారు. మన దృష్టిలో ఇన్సులిన్ అంటే ఇక దారులన్నీ మూసుకుపోయాక తొక్కే గడప. పిల్లికి అది తిరగబడుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నంతకాలం ఆ చక్కెరే క్లోమాన్ని మొద్దుబారుస్తుంది. దాన్ని త్వరగా దించగలిగితే మొద్దుబారిన కణాలు మళ్ళీ పనిలోకి దిగొచ్చు. కొన్ని పిల్లులకు ఇన్సులిన్ పూర్తిగా ఆపేసే రోజు వస్తుంది. దీన్నే రెమిషన్ అంటారు. కిర్‌స్టెన్ రూంప్, జాకీ రాండ్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో యజమానులు ఇంట్లోనే రక్తం చూసుకుంటూ, గ్లార్జిన్ ఇన్సులిన్ ఇస్తూ, 55 పిల్లుల్ని గట్టి అదుపులో ఉంచారు. వాటిలో 64 శాతం రెమిషన్‌కి వచ్చాయి. జబ్బు బయటపడిన ఆరు నెలల్లోపే ఈ పద్ధతి మొదలుపెట్టిన వాటిలో అది 84 శాతం, ఆలస్యమైన వాటిలో 35 శాతం. అంత శ్రద్ధగా చూసే యజమానుల పిల్లులు కాబట్టి ఈ అంకెలు అందరిళ్ళకూ వర్తించవు. కానీ మొదటి ఆరు నెలల విలువ ఎంతో చెప్పడానికి అవి చాలు. “ముందు కొన్నాళ్ళు కాకరకాయ రసంతో చూద్దాం” అన్న మా మేనత్త మాట వినకపోవడానికి కారణం ఇదే.

మాత్రలు లేవా అంటే, ఈ మధ్యే వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రని, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ అనే ద్రవాన్ని పిల్లులకు అనుమతించింది. రెండూ చక్కెరని మూత్రంలోకి తోసేసే మందులు. నాన్న వేసుకునే డపాగ్లిఫ్లోజిన్ కూడా ఈ కుటుంబానిదే. వీటితో ఒక మెలిక ఉంది. పిల్లికి సొంత ఇన్సులిన్ కొంతైనా మిగిలి ఉండాలి. లేకపోతే రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే, కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అంతకుముందు ఇన్సులిన్ మీద ఉన్న పిల్లులకు వీటిని ఇవ్వరు. ఇంట్లో నాన్న మందుల డబ్బా ఉంది కదా అని అందులోంచి సగం విరిచి వేసే పని మాత్రం కలలో కూడా వద్దు.

క్లినిక్‌లో 320, ఇంట్లో 130

పిల్లిని బుట్టలో పెట్టి, ఆటో ఎక్కించి, కుక్కలు మొరిగే వరండాలో గంట కూర్చోబెట్టి రక్తం తీస్తే, షుగర్ లేని పిల్లికి కూడా 300 దాటొచ్చు. భయానికే చక్కెర అంతలా ఎగబాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మామూలు అంకె సుమారు 70 నుంచి 150 మధ్య ఉంటుంది. కాబట్టి ఒక్క రీడింగు చూసి షుగర్ అని ముద్ర వేయకూడదు. మూత్రంలో చక్కెర ఉందా, దాహం, బరువు తగ్గడం లాంటి లక్షణాలు ఉన్నాయా అని కూడా చూడాలి. ఫ్రక్టోసమీన్ అనే రక్తపరీక్ష గత ఒకటి రెండు వారాల సగటు సంగతి చెబుతుంది. నాన్నకి మూడు నెలలకోసారి చేసే హెచ్‌బీఏ1సీకి ఇది పిల్లి పినతండ్రి కొడుకు అనుకోండి.

మనిషి రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రంలోకి పొంగుతుంది. పిల్లి మూత్రపిండాలు సుమారు 270 దాకా ఆపగలవు. ఈ చిన్న సంగతి రోజువారీ కాపలాలో బాగా పనికొస్తుంది. చక్కెర ఆ గీత కిందకి వస్తే మూత్రం తగ్గుతుంది, మూత్రం తగ్గితే దాహం తగ్గుతుంది. కాబట్టి నీళ్ళగిన్నె కూడా ఒక మీటరే. పొద్దున కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలిస్తే సరి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే ఏదో తేడా ఉన్నట్టే. పండు మొదట్లో అరలీటరు పైగా తాగేవాడు.

ఇదే సమయంలో డాక్టరు పళ్ళు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, క్లోమం వాపు కూడా చూస్తారు. వీటిలో ఏది ఉన్నా ఇన్సులిన్ సరిగా పట్టదు. ఎంత డోసు పెంచినా దిగిరాని పిల్లుల్లో కొన్నిటికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ని అతిగా వదులుతుంటుంది. బ్రిటన్‌లో 1,221 షుగర్ పిల్లుల్ని పరీక్షించి 2015లో ప్రచురించిన పరిశోధన, దాదాపు నాలుగింట ఒకదానికి ఈ సమస్య ఉండొచ్చని అంచనా వేసింది. చక్కెర అదుపులో లేకున్నా బరువు పెరుగుతున్న పిల్లిని చూస్తే ఇది గుర్తు రావాలి.

ఎర్రమూత, నారింజమూత

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మన మందుల షాపుల్లో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉన్నది ఒకటి, 100 యూనిట్లు ఉన్నది ఇంకొకటి. సిరంజీలూ రెండు రకాలు. ఎర్రమూత 40కి, నారింజమూత 100కి. నాన్న వాడే సీసా 40 బలం, ఎర్రమూత సిరంజీ. పండుకి డాక్టరు రాసిన గ్లార్జిన్ 100 బలం. మొదటి వారంలో ఒక రాత్రి నారింజమూత సిరంజీలు అయిపోయాయి. “ఏదైనా సిరంజీయే కదా” అని ఎర్రమూతది చేతిలోకి తీసుకున్నాను. అమ్మ ఆపింది. ఆపకపోతే ఏమయ్యేదో తర్వాత కాగితం మీద లెక్కేసుకున్నాను. ఎర్రమూత సిరంజీలో ఒక గీత అంటే 0.025 మిల్లీలీటరు. అందులోకి 100 బలం మందు లాగితే 2.5 యూనిట్లు. అయిదు కిలోల పిల్లికి ఒక యూనిట్ వేయాల్సిన చోట రెండున్నర. దీన్ని తిప్పి చూస్తే, 40 బలం మందుని నారింజమూత సిరంజీలో ఒక గీత లాగితే 0.4 యూనిటే వస్తుంది. అప్పుడు మందు వేస్తున్నా పనిచేయడం లేదని డోసు పెంచుకుంటూ పోతాం.

పిల్లుల కోసం వాడే వాటిలో ప్రోజింక్, కానిన్సులిన్ 40 బలానివి. మనుషుల కోసం తయారైనా పశువైద్యులు పిల్లులకు విరివిగా రాసే గ్లార్జిన్ సాధారణంగా 100. దాంట్లోనే 300 బలం ఉన్న పెన్ను కూడా ఉంది, పేరు చూసి పొరబడకండి. మందు మారినా, షాపు మారినా సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె ఒకటేనా కాదా అని గట్టిగా చదవడం మా ఇంట్లో ఇప్పుడు నియమం. నాన్న సిరంజీల డబ్బా బీరువాలోకి వెళ్ళిపోయింది.

మందు మోతాదు డాక్టరే చెప్పాలి. మామూలుగా మొదలయ్యేది మాత్రం ఒక పిల్లికి 12 గంటలకోసారి ఒక యూనిట్ దగ్గర. అందుకే 0.3 మిల్లీలీటర్ల సన్న సిరంజీ, వీలైతే అరయూనిట్ గీతలు ఉన్నది అడగండి. రోజుకి రెండు యూనిట్లంటే 28 రోజులకి 56. పది మిల్లీలీటర్ల సీసాలో 1,000 యూనిట్లుంటాయి, మూడు మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో 300. తెరిచాక 28 రోజులే అని డబ్బా మీద ఉంటుంది కాబట్టి పెద్ద సీసా కొనడం డబ్బు పారబోసుకోవడమే.

గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, మబ్బుగా మారితే పారేయాలి. కానిన్సులిన్, ప్రోజింక్ పుట్టుకతోనే మబ్బుగా ఉంటాయి, వాటిని కలిపాకే తీసుకోవాలి. ఒకదాన్ని బాగా ఊపాలి, ఇంకోదాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. ఏదెలాగో ఆ డబ్బాలోని కాగితంలో ఉంటుంది. గ్లార్జిన్‌ని నీళ్ళు కలిపి పలచన చేయకూడదు. సీసాలో అది ఆమ్లంగా ఉన్నంతసేపే కరిగి ఉంటుంది. చర్మం కింద ఆమ్లం విరిగి చిన్న పలుకులుగా గడ్డకట్టి, అక్కణ్ణించి కొంచెం కొంచెంగా కరుగుతుంది. దాని నిదానమంతా అందులోనే ఉంది.

గుచ్చడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. పక్కటెముకల దగ్గర చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ గుడారం అడుగున సూది పెట్టి నొక్కడమే. పండు తన గిన్నెలో తల పెట్టి ఉండగానే అయిపోతుంది. ఒకసారి సూది అటువైపు చర్మంలోంచి బయటికొచ్చి బొచ్చంతా తడిసింది. ఎంత లోపలికి పోయిందో తెలియదు. అలాంటప్పుడు మళ్ళీ వేయకూడదు. ఒక పూట తప్పినా అంతే, తర్వాతి పూట రెండింతలు వేయకూడదు. ఎక్కువ చక్కెరతో పిల్లి ఒక పూట గడిపేస్తుంది. తక్కువ చక్కెరతో గంట గడపడమే కష్టం.

వాడిన సూదుల్ని మూత బిగించి, గట్టి ప్లాస్టిక్ సీసాలో వేయండి. చెత్త సంచీలో వదిలితే గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికుల చేతికి.

పడిపోయినప్పుడు

పైన చెప్పిన మాట ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువ చక్కెర నెలల మీద దెబ్బ తీస్తుంది, తక్కువ చక్కెర నిమిషాల్లో. పిల్లి తూలినా, ఒక్కసారిగా పిచ్చి ఆకలితో మీదపడినా, లేక ఏ మూలో నక్కి పిలిచినా పలక్కపోయినా, వణికినా, మూర్ఛ వచ్చినా ముందుగా అనుమానించాల్సింది దీన్నే. స్పృహలో ఉండి తినగలిగితే వెంటనే తిండి పెట్టాలి. మామూలు రోజుల్లో వద్దనుకునే పొడి గింజలైనా సరే, ఆ క్షణంలో అవే మందు. తినలేకపోతే వేలితో తేనె గానీ, నీళ్ళలో చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడి గానీ చిగుళ్ళకు కొంచెం కొంచెంగా రాయాలి. గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛలో ఉంటే వేలు పళ్ళ మధ్య పెట్టొద్దు. కోలుకున్నట్టు కనిపించినా డాక్టరు దగ్గరికి బయల్దేరాల్సిందే. వేసిన ఇన్సులిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది, తేనె మాత్రం కాసేపే. మా ఇంట్లో తేనెసీసా వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది, రాత్రి తడుముకున్నా దొరికేచోట.

ఇంజెక్షన్‌కి ముందు చూసిన చక్కెర 150 కన్నా తక్కువ ఉంటే ఆగి డాక్టరుకి ఫోన్ చేయడం మేము పెట్టుకున్న గీత. 60 కన్నా దిగితే ఏ మీటరైనా ఆలోచించేదేమీ లేదు, ముందు తిండి. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా పూర్తి డోసు వేయకుండా అడగాలి.

రెండో ప్రమాదం దీనికి ఎదురు దిక్కులోది. రెండు రోజులుగా తిండి ముట్టక, వాంతులతో, నీరసంగా పడి ఉండి, చక్కెర కూడా ఎక్కువగా ఉంటే, నోటి నుంచి నెయిల్ పాలిష్ తుడిచే ద్రావణం వాసన వస్తే, కీటోన్లు చేరినట్టు. ఇది ఇంట్లో చూసుకునే జబ్బు కాదు, ఆ రాత్రే ఆస్పత్రి. మూత్రంలో ముంచే కీటోన్ పట్టీలు మందుల షాపులో దొరుకుతాయి. ఒక డబ్బా ఇంట్లో పడి ఉండాలి.

నాన్న కాళ్ళని రోజూ పరీక్షించే అమ్మ, పండు అరికాళ్ళు కూడా చూడడం మొదలుపెట్టింది. మనుషులకొచ్చే ఆ పుండ్లు పిల్లులకు రావు. కుక్కలకొచ్చినట్టు కంటిలో శుక్లం కూడా వీటికి అరుదే. పిల్లి కాళ్ళలో కనిపించేది వేరు. నరాలు దెబ్బతిని వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి, కుందేలులా నడుస్తుంది. చక్కెర అదుపులోకి వచ్చాక నెలల మీద మెరుగుపడే అవకాశం ఉంది.

మీటర్ కూడా మనిషిదే

నాన్న గ్లూకోమీటర్‌తో పండుని చూడొచ్చా? చూడొచ్చు, కానీ అది చెప్పే అంకె సాధారణంగా అసలుకన్నా తక్కువ. మనిషి రక్తంలో చక్కెర 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్రకణాల్లో ఉంటుంది. పిల్లిలో 93 శాతం ప్లాస్మాలోనే, ఎర్రకణాల్లో 7 శాతమే. మనిషి రక్తం లెక్కతో తయారైన మీటరు అందుకే తడబడుతుంది. ఆల్ఫాట్రాక్ లాంటివి జంతువుల లెక్కతోనే వస్తాయి, స్ట్రిప్పులు ఖరీదు. ఏదో ఒక మీటరుకి కట్టుబడి, ఏ మీటరో డాక్టరుకి చెబితే చాలు. వారం దీంతో, వారం దాంతో చూస్తే మాత్రం పుస్తకంలో రాసుకున్న అంకెలకు అర్థమే ఉండదు.

రక్తం చెవి అంచున తీయాలి. పాత సాక్సులో గుప్పెడు బియ్యం పోసి వెచ్చచేసి చెవికి నిమిషం ఆనిస్తే రక్తం చేరుతుంది. అంచు వెంట పారే రక్తనాళానికీ, చెవి అంచుకీ మధ్య గుచ్చాలి. ముందే పలచగా వాజలీన్ రాస్తే చుక్క బొచ్చులోకి పాకకుండా ముత్యంలా నిలబడుతుంది. వెనక దూది పెట్టుకోకపోతే సూది మీ వేల్లో దిగుతుంది, అనుభవంతో చెబుతున్నాను. మొదటి నాలుగు రోజులు పండు నన్ను చూస్తే మంచం కింద దూరాడు. గుచ్చిన వెంటనే ఉడికించిన కోడిముక్క పెట్టడం మొదలుపెట్టాక ఇప్పుడు వాడే వచ్చి చెవి చూపిస్తాడు.

మనుషుల్లో ఫాస్టింగ్, భోజనం తర్వాత అని చూస్తాం. పిండి తక్కువగా తినే పిల్లికి తిన్నాక చక్కెర అంతగా పెరగదు. చూడాల్సింది ఇన్సులిన్ వేసిన గంటల లెక్కన. నెలకోసారో, డోసు మార్చిన వారానికో రెండు గంటలకోసారి చొప్పున 12 గంటలపాటు రక్తం చూసి గీత గీస్తారు. ఆ గీతలో అడుగు, అంటే చక్కెర అన్నిటికన్నా కిందికి దిగిన చోటు, ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. అడుగు సుమారు 80 నుంచి 150 మధ్య ఉండి, మిగతా సమయంలో 300 దాటకపోతే డాక్టరు ముఖంలో నవ్వు కనిపిస్తుంది. భుజం దగ్గర బొచ్చు తీసి ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్ అంటిస్తే ఇన్నిసార్లు గుచ్చే బాధ తప్పుతుంది. 14 రోజులు ఉండాలి గానీ పిల్లులు అంతకుముందే పీకేసుకోవడం మామూలే. పండు ఆరో రోజున సోఫా కిందికి దాన్ని పంపించాడు.

నాన్న పొద్దున్నే మీటరు చూసి, నిన్న పెళ్ళిభోజనం తిన్నానని రెండు యూనిట్లు ఎక్కువ వేసుకుంటారు. పిల్లికి ఆ లెక్క వద్దు. పెంచడం డాక్టరు చెప్పాక, అదీ పాత డోసు మీద అయిదారు రోజులు గడిచాక. తగ్గించాల్సి వస్తే మాత్రం వారం ఆగే పని లేదు.

పెరుగన్నం సంగతి

మన ఇళ్ళలో పిల్లి అంటే పాలు, పెరుగన్నం. పండు కూడా చిన్నప్పుడు అదే తిన్నాడు, తర్వాత ప్యాకెట్ గింజలకి ఎదిగాడు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. పిండిపదార్థం దాని ఒంటికి తప్పనిసరి కాదు. గింజ గింజగా నిలబడాలంటే పిండి ఉండాల్సిందే కాబట్టి పొడి మేతలో అది తప్పదు.

ప్యాకెట్ మీద పిండిపదార్థం ఎంతో రాయరు, లెక్క మనమే వేసుకోవాలి. ఒక పొడి మేత మీద ప్రొటీన్ 32, కొవ్వు 12, తేమ 10, బూడిద (అంటే ఖనిజాలు) 8, పీచు 4 శాతం అని ఉందనుకోండి. అన్నీ కలిపితే 66, వందలో మిగిలిన 34 పిండి. శక్తి లెక్కలో ప్రొటీన్, పిండి గ్రాముకి 3.5 కాలరీలు, కొవ్వు 8.5. ప్రొటీన్ నుంచి 112, కొవ్వు నుంచి 102, పిండి నుంచి 119, మొత్తం 333. అంటే శక్తిలో దాదాపు 36 శాతం పిండిదే. ఇప్పుడొక తడి మేత చూద్దాం. ప్రొటీన్ 10, కొవ్వు 5, తేమ 80, బూడిద 2, పీచు 1, పిండి 2. అదే లెక్కన పిండి వాటా 8 శాతం. షుగర్ పిల్లికి 10, 12 శాతం లోపు ఉంటే మేలంటారు. ‘డయాబెటిక్’ అన్న అక్షరాలకన్నా ఈ కూడికలే నమ్మదగ్గవి.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. ఇన్సులిన్ వేస్తూ, ఒక శుభోదయాన గింజలు మానేసి తడి మేతకు మారిస్తే, నిన్నటి డోసు ఇవాళ్టికి ఎక్కువైపోతుంది. మేత మార్చేముందు డాక్టరుకి చెప్పాలి, మెల్లగా మార్చాలి, ఆ రోజుల్లో రక్తం ఎక్కువసార్లు చూడాలి. మూత్రపిండాల జబ్బు కూడా ఉన్న పిల్లికి ఏ మేత అన్నది డాక్టరే తేల్చాలి.

తడి మేత ఖరీదు కదా, ఇంట్లో ఉడికించిన కోడిమాంసం పెడదాం అని అందరికీ అనిపిస్తుంది. చిరుతిండిగా బాగానే ఉంటుంది. అదే మూడు పూటలా అయితే కాల్షియం ఉండదు, ఉడికించిన నీళ్ళతో టారిన్ అనే, పిల్లికి తప్పనిసరైన పోషకం కొంత పోతుంది. టారిన్ లోపంతో పిల్లుల గుండె కండరం సాగిపోతుందని 1987లో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. ఇక కూరలోంచి తీసిన ముక్కని కడిగి పెట్టడం అసలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రకణాల్ని చిదిమేస్తాయి, కడిగినంత మాత్రాన ఆ రసం పోదు.

లావు తగ్గించాలని పస్తు పెట్టడం నాన్న చేసే ఏకాదశి ఉపవాసంలాంటిది కాదు. లావుపాటి పిల్లి కొన్ని రోజులు తినకపోతే కొవ్వంతా కాలేయంలోకి చేరి ప్రాణాంతకమవుతుంది. వారానికి ఒంటి బరువులో ఒక శాతం చొప్పున తగ్గితే చాలు. వాకింగ్ బదులు మేము తాడుకి కట్టిన ఈకతో సాయంత్రం పది నిమిషాలు ఆడిస్తాం. ఆరు నిమిషాలకే పడుకుంటాడు.

గడియారం, ఫ్రిజ్, సంక్రాంతి

పన్నెండు గంటల తేడా అంటే ఉద్యోగస్తులకు ఉదయం 7, రాత్రి 7 కుదురుతుంది. అరగంట అటూ ఇటూ అయితే కొంప మునగదు. రెండు గంటలు తేడా వస్తే ఆ పూట సంగతి డాక్టరుని అడగడం మంచిది.

మేలో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచడమే సగం రక్షణ. మరీ గంటలకొద్దీ పోతే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో డబ్బాని పెట్టొచ్చు. ఇది కర్నూలు ఎండలో బాగా పనిచేస్తుంది, విశాఖ ఉక్కపోతలో అంతగా కాదు. గాలిలో అప్పటికే తేమ ఉంటే గుడ్డ తడి ఆరదు, తడి ఆరకపోతే చల్లదనం రాదు. ఐసుగడ్డలకు తగిలేలా మాత్రం పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

సంక్రాంతికి ఊరెళ్ళాలంటే మా ఇంట్లో ఇప్పుడు నెల ముందే పంచాయితీ. మొన్న ఎదురు ఫ్లాట్ పిన్నిగారు సరేనన్నారు. ఆవిడ భర్తకీ షుగరే, సూదంటే భయం లేదు. అయినా పది రోజుల ముందు నుంచి సాయంత్రం డోసు ఆవిడ చేతే వేయించాం. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. ఒక యూనిట్, నారింజమూత మాత్రమే, తినకపోతే వేయొద్దు, వేశారో లేదో గుర్తులేకపోతే వేయొద్దు, తూలితే తేనె, తర్వాత ఈ నంబరు. మూడో రోజు పిన్నిగారు ఫోన్ చేసి, “వేశానో లేదో గుర్తు రావట్లేదు బాబూ, కాగితంలో ఉన్నట్టే మానేశాను, వాడు మాత్రం నా పూలకుండీలో కూర్చున్నాడు” అన్నారు. ఆ రాత్రి వాడి చక్కెర 290కి వెళ్ళి, మర్నాడు దిగింది.

రెమిషన్ వచ్చే పిల్లుల్లో ముందు డోసు తగ్గుతూ వస్తుంది. ఒకటి నుంచి అర, అర నుంచి డాక్టరు చెబితే ఆపడం. ఆపాక కూడా వారానికోసారి చెవి గుచ్చి చూస్తూ ఉండాలి. స్టెరాయిడ్ పడినా, పన్ను పాడైనా, మళ్ళీ గింజల మీద పడి ఒళ్ళు చేసినా షుగర్ తిరిగొస్తుంది. పండు అంతదాకా రాలేదు. ఒక యూనిట్ నుంచి అర యూనిట్‌కి దిగాడు, నీళ్ళు రోజుకి 150 మిల్లీలీటర్లకి తగ్గాయి, వెన్నుపూసలు మళ్ళీ కండలోకి పోయాయి. ఉదయం 7 గంటలకి నాన్నకి, 7:10కి వాడికి. వరసలో ముందు తనే ఉండాలని వాడు ఆరున్నర నుంచే నాన్న కాళ్ళ మీద కూర్చుంటాడు.